పందొమ్మిది ఆయనలో లేదు

వదినగారికి, మీ మరదలు రాసుకున్నది.

కాలి కట్టు ఇంకా విప్పలేదని తెలిసింది. విప్పేదాకా మంచం దిగనని డాక్టరుకు మాటిచ్చి, ఆ మంచం చుట్టూనే బడిపిల్లల్ని కూర్చోబెట్టుకుని లెక్కలు చెబుతున్నారని కూడా తెలిసింది. మీ అక్కాతమ్ముళ్ళిద్దరిదీ ఒకే అచ్చు. చెప్పిన మాట వినరు, వినడం లేదని ఒప్పుకోరు.

ఇక్కడ మేం బాగానే ఉన్నాం. సొరంగం కొండలోకి మూడొంతులు వెళ్ళింది. ఈమధ్య రాళ్ళ సందుల్లోంచి నీరు ఊరుతోందట. అదొక్కటే నాకు నచ్చడం లేదు. "కొండకి మాత్రం చెమట పట్టదా ఏంటి?" అని కొట్టిపారేస్తారు మీ తమ్ముడు. సరే, ఉత్తరం అందుకు కాదు. మా ఇంటికి ఒక కొత్త సంఖ్య వచ్చింది, అక్కకి చెప్పి తీరాలని ఆయన పట్టు. తను రాస్తే రాళ్ళలాంటి అక్షరాలు వస్తాయని నన్ను కూర్చోబెట్టారు.

కంపెనీ చేతులు మారింది. కొత్తవాళ్ళకి ఎక్కడెక్కడో సొరంగాలూ గనులూ ఉన్నాయట. అందుకని పాత బిళ్ళలు లాగేసుకుని అందరికీ ఆరంకెల ఇత్తడి బిళ్ళలు ఇచ్చారు. ఒకే నంబరుతో రెండు బిళ్ళలు. ఒకటి మెడలో ఉండాలి, రెండోది లోపలికి వెళ్ళేటప్పుడు సొరంగం నోటి దగ్గరున్న పలకకి తగిలించాలి. పలక మీద బిళ్ళ ఉందంటే ఆ మనిషి ఇంకా లోపల ఉన్నట్టు.

ఆ రోజు ఆయన బూట్లు కూడా విప్పకుండా వంటింట్లోకి వచ్చేశారు. "మనింటికి ఎవరొచ్చారో చూడు" అని బిళ్ళ నా మొహం ముందు పెట్టారు. 510510.

"అయితే?" అన్నాను.

"అయితే అంటావా? మా అక్క విందంటే నిన్ను వెనక్కి పంపించేస్తుంది. మూడంకెల సంఖ్య దేన్నైనా పక్కనే ఇంకోసారి రాశావంటే వెయ్యిన్నొకటితో గుణించినట్టే. వెయ్యిన్నొకటంటే ఏడూ, పదకొండూ, పదమూడూ. ఇక ఆ 510ని నువ్వు విరగ్గొట్టు."

గరిటె పట్టుకునే విరగ్గొట్టాను. రెండు, మూడు, అయిదు, పదిహేడు. అన్నీ వరసలో పెట్టమన్నారు. రెండు, మూడు, అయిదు, ఏడు, పదకొండు, పదమూడు, పదిహేడు. మొదటి ఏడు ప్రధాన సంఖ్యలూ ఒక్కటీ తప్పిపోకుండా, ఒక్కటీ రెండోసారి రాకుండా వచ్చి కూర్చున్నాయి. నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్ళు జలదరించింది. గిన్నె మాడింది, అది వేరే సంగతి. తొలిసారి మీ ఇంటికి వచ్చినప్పుడు మీరు నన్ను వంటొచ్చా అని అడగకుండా, తొంభై ఒకటి ప్రధాన సంఖ్యా కాదా అని అడిగారు గుర్తుందా? ఏడు పదమూళ్ళు అన్నాను. అందుకే ఈ ఇంట్లో ఇప్పటికీ గిన్నెలు మాడుతున్నాయి.

అప్పటినుంచి తిండీ నిద్రా దాని చుట్టూనే. దానికి నూట ఇరవై ఎనిమిది భాజకాలు ఉన్నాయట. తనని వదిలేసి మిగతావన్నీ కూడితే తనకి రెండింతలు దాటుతాయట. "చూశావా, ఒంటరిగా ఉంటే నేనింతే, నా వాళ్ళందరినీ కలిపితే ఎంతో!" అని మురిసిపోయారు. 714ని దాని పక్కనున్న 715తో గుణించినా ఇదే వస్తుందని మొన్న నన్ను లేపి మరీ చెప్పారు. మీరు పెంచిన పెంపకం వదినా, నేనేమనను.

ఆయనకి జోడీగా డ్రిల్లు పట్టుకునే మనిషొకడున్నాడని రాశాను కదా. డ్రిల్లుకి ఇద్దరు కావాలి, అతను రెండో మనిషి. ముప్ఫై దాటాయి, వెనకా ముందూ ఎవరూ లేరు, మా ఇంట్లోనే భోజనం, నన్ను వదినా అంటాడు. వరసలో ఆయన వెనక నిలబడ్డాడు కాబట్టి అతనికి 510511 వచ్చింది. ఆయన ఏడు సంఖ్యల్లో దేనితో భాగించినా ఒకటి మిగులుతుంది. రెండుతో ఒకటి, మూడుతో ఒకటి, చివరికి పదిహేడుతోనూ ఒకటే. దాంతో అతనికి శేషం అని పేరు పెట్టేశారు. ఇప్పుడు సొరంగమంతా అదే పిలుస్తున్నారు. "నా నంబరు ఏ ముక్కలకీ లొంగదా అన్నా?" అని అతను దిగాలు పడితే, మీ తమ్ముడు ఒక ఆదివారం మధ్యాహ్నమంతా కూర్చుని దాన్నీ విరగ్గొట్టారు. మూడు పెద్ద పెద్ద ముక్కలు అయిందన్నారు. నేను బట్టలు ఆరేస్తున్నాను, ఏమిటవి అని అడగలేదు.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. సేఫ్టీ ఆఫీసరు ఒక ఉత్తుత్తి ప్రమాదం పెట్టాడు. లోపల చిక్కుకున్నవాళ్ళు డ్రిల్లుకి గాలి తెచ్చే ఇనుప గొట్టం మీద తమ నంబరు కొట్టాలి, పైన నోటి దగ్గర చెవి ఆనించినవాళ్ళు రాసుకోవాలి. సున్నా వచ్చినచోట కాసేపు ఆగాలి. ఆయనది రాసుకున్నవాళ్ళు 5151 అని రాసుకున్నారు, శేషానిది 51511. అలాంటి మనుషులే లేరు కాబట్టి ఇద్దరూ పోయినట్టు లెక్క కట్టి అందరూ నవ్వుకున్నారట. మీ తమ్ముడికి మాత్రం నవ్వు రాలేదు. "ఒంట్లో సత్తువ లేనివాడు ఆగాల్సినచోటే ఆగుతాడా?" అన్నారు. సున్నాకి పది దెబ్బలు పెట్టుకోండి అన్నాను. "పైన వినేవాడు మధ్యలోంచి మొదలెడితే 105105 అవుతుంది. అది ఇంకో గనిలో ఇంకెవడో. ముక్కలు కొడితే ఆ గొడవుండదు. ఎక్కణ్ణుంచి విన్నా, ఏ వరసలో విన్నా గుణిస్తే ఒకే మనిషి" అన్నారు. ఆఫీసరు వినలేదు గానీ, వీళ్ళిద్దరూ అలాగే కొట్టాలని ఒట్టేసుకున్నారు. ఆయనది మొత్తం యాభై ఎనిమిది దెబ్బలు. శేషానిది కొట్టేలోపు సొరంగం పూర్తయి రిబ్బన్ కత్తిరిస్తారని ఎగతాళి.

కాలు జాగ్రత్త. మీ తమ్ముడు పక్కనుంచి అక్కకి నా బిళ్ళ నమస్కారాలు అంటున్నారు.

మీ మరదలు

*

వదినా,

కంపెనీవాళ్ళు పంపిన కబురు మీకు అంది ఉంటుంది. పైకప్పు కూలిందనీ, ఇద్దరు లోపల ఉండిపోయారనీ రాసి ఉంటారు. ఆ కాగితం అవతల పెట్టి ఇది చదవండి. ఆయన బతికే ఉన్నారు. నేను విన్నాను. సొరంగం నోటి దగ్గర రాళ్ళ మీద కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు కుదరకపోతే కోప్పడకండి.

మిగతావాళ్ళంతా బయటికి పరిగెత్తుకొచ్చారు. పలక మీద రెండే బిళ్ళలు మిగిలాయి, 510510, 510511. గాలి గొట్టం రాళ్ళ కింద నలిగిపోయింది. గాలి పోవడం లేదు గానీ శబ్దం మాత్రం వస్తోంది. కూలినప్పటినుంచీ తవ్వుతూనే ఉన్నారు. మర్నాడు పొద్దున గొట్టంలో ఏదో చప్పుడవుతోందని మేస్త్రీ నా కోసం మనిషిని పంపాడు. "మీ ఆయనకి ఈ అంకెల పిచ్చి ఉంది కదమ్మా, నువ్వొకసారి విని చెప్పు" అన్నాడు.

చెవి ఆనించాను. టక్కు టక్కుమని ఒకటే వరస. మేస్త్రీ మనుషులు అప్పటికే లెక్కపెట్టారు. పందొమ్మిది కొట్టి ఆగుతుంది. తర్వాత తొంభై దాటి, తొంభై ఆరో ఏడో దగ్గర ఆగుతుంది. ఆ తర్వాత మొదలైతే ఇక ఆగదు. నూట ఎనభై దాకా ఒకసారి, రెండొందల ముప్ఫై దాకా ఒకసారి పోయి, ఉన్నట్టుండి ఆగి, మళ్ళీ మొదటికొచ్చి పందొమ్మిది. నేనూ ఒక వరస మొత్తం విన్నాను. పందొమ్మిది ఆయనలో లేదు కదా వదినా. తొంభైలూ నూర్లూ అసలే లేవు, ఆయనలో అన్నిటికంటే పెద్దది పదిహేడు. ఇది మా ఆయన కాదండీ అని చెప్పేశాను. "మరి శేషం?" అన్నాడు మేస్త్రీ. శేషానికి లెక్కలంటే హడల్, ఒట్టేసినా ఆ ముక్కలు గుర్తుండవు, కొడితే మామూలుగా అయిదూ ఒకటీ అని కొడతాడు గానీ ఇలా ఎందుకు కొడతాడన్నాను. ఇంజినీరు కూడా తల ఊపాడు. "మనిషెవడూ ఒక్క బిగిన రెండొందల దెబ్బలు కొట్టడు. మునిగిపోయిన పంపు కవాటం అది, నీళ్ళొచ్చినప్పుడల్లా కొట్టుకుంటోంది" అన్నాడు. లోపల మనుషులున్నారని తేలితే తెగించి తవ్వొచ్చు, లేకపోతే ముందు పైకప్పుకి దన్ను పెట్టాలి, లేదంటే తవ్వేవాళ్ళ మీద కూలుతుంది అని, తవ్వకం ఆపించేశాడు. ఇంటికొచ్చి గోడకి ఆనుకుని కూర్చున్నాను.

ఇవాళ మధ్యాహ్నం మేస్త్రీ తనే పరిగెత్తుకుంటూ వచ్చాడు. చేత్తోనే రమ్మన్నాడు. చెవి ఆనిస్తే రెండు. మూడు. అయిదు. ఏడు. పదకొండు. పదమూడు. పదిహేడు. నేను కేక పెట్టానట, నాకు తెలీదు. ఒక రాయి తీసుకుని నేనూ కొట్టాను. రెండు, మూడు, అయిదు, ఏడు, పదకొండు, అక్కడికి ఆపేశాను. గొట్టానికి చెవి ఆనించుకుని కూర్చున్నాను వదినా. చాలాసేపటికి వచ్చింది. పదమూడు దెబ్బలు. కాస్త ఆగి పదిహేడు. నాకు జవాబిచ్చారు!

ఇంజినీరు మారుమాట లేకుండా అందరినీ లోపలికి పంపాడు. దన్నూ లేదు ఏమీ లేదు, తెగించి తవ్వుతున్నారు. ఈ ఉత్తరం మీకు అందేసరికి మీ తమ్ముడే ఇంకోటి రాస్తారు, రాళ్ళలాంటి అక్షరాలతోనే. శేషం సంగతి తెలీదు. అతనికీ ఏమీ కాకూడదు.

మీ మరదలు

*

వదినగారికి,

కబురు మీకు అందింది. మళ్ళీ నేను రాయక్కర్లేదు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఇంకెవరితోనూ మాట్లాడలేకపోతున్నాను.

రాళ్ళు తీసిన సందులోంచి ముందు ఒక చెయ్యి బయటికొచ్చింది. చేతిలో స్పానరు ఉంది. ఆ స్పానరు ఆయనదే, పిడికి నేను చుట్టిన గుడ్డ కూడా ఉంది. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. పట్టుకున్నాక తెలిసింది, అది ఆయన చెయ్యి కాదు. శేషం. కాలు నుజ్జయింది, మనిషి బతికే ఉన్నాడు. మీ తమ్ముణ్ణి అతని పక్కనుంచి తీసుకొచ్చారు. నేను ఆ జవాబు విన్న రోజు కాదు, అంతకుముందు రోజే పోయారని డాక్టరు చెప్పాడు.

అంతకుముందు రోజే అంటే మీకు అర్థమైందా వదినా? నాకు జవాబిచ్చింది ఆయన కాదు. పదమూడూ పదిహేడూ కొట్టింది శేషం. నా మొగుడు చచ్చిపోయి పక్కనే పడి ఉంటే, ఆయన చేతిలోని స్పానరు లాక్కుని, ఆయన నంబరు కొట్టుకుని బయటపడ్డాడు. తన నంబరుకి ఎవరూ రారని తెలుసు. నేను పైన ఉంటాననీ, ఆ ఏడు సంఖ్యలూ వింటే నేను ఊరుకోననీ తెలుసు. నా అన్నం తిన్న మనిషి. ఆ కొండ ముందు నేను ఆనందంతో ఏడ్చాను, అది గుర్తొస్తే నన్ను నేనే చెంపలు వాయించుకోవాలనిపిస్తోంది.

ఆసుపత్రి నుంచి రోజూ కబురు పెడుతున్నాడు, ఒక్కసారి వదినని రమ్మనండి అని. కాలు తీసేశారట. నేను వెళ్ళను. ఈ జన్మలో అతని మొహం చూడను. ఈ మాట మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. అందరూ అతను బతికినందుకు సంతోషిస్తున్నారు, నేనూ తల ఊపుతున్నాను.

మీ మరదలు

*

అమ్మాయికి, నీ వదిన ఆశీస్సులు.

నీ రెండో ఉత్తరమూ చావు కబురూ ఒకే పూట చేరాయి నాకు. ముందు కబురే విప్పాను. తర్వాత నీ ఉత్తరం విప్పాను. అందులో వాడింకా బతికే ఉన్నాడు. రెండింటినీ ఒళ్ళో పెట్టుకుని సాయంత్రం దాకా కూర్చున్నాను. పిల్లలు వచ్చి వెళ్ళిపోయారు. మా అమ్మ పోయినప్పుడు వాడికి నాలుగేళ్ళు, నాకు పదిహేడు. అన్నం తినకుండా మారాం చేస్తే ముద్దకో సంఖ్య చెప్పి తినిపించేదాన్ని. వాడు నాకు తమ్ముడు ఎప్పుడూ కాదు, మొదటి బిడ్డ. ఏడవడం నాకు చాతకాదని నీకు తెలుసు. ఏం చేయాలో తోచక నీ ఉత్తరంలోని అంకెల్ని పట్టుకున్నాను.

అమ్మాయ్, 510511ని పందొమ్మిదితో భాగించు. నిశ్శేషంగా పోతుంది. 26869 వస్తుంది. దాన్ని తొంభై ఏడుతో భాగించు. అదీ పోతుంది. 277 మిగులుతుంది, అది ఇక విరగదు. ఆ ఆదివారం మా వాడు విరగ్గొట్టిన మూడు పెద్ద ముక్కలు ఇవే. నువ్వు బట్టలు ఆరేస్తూ వినని మూడూ ఇవే.

మీరంతా పంపు అనుకున్నది పంపు కాదు. మొదటి రోజు గొట్టంలో వచ్చింది శేషం నంబరు. అతను తన నంబరు కొట్టుకున్నాడు, ఇచ్చిన మాట ప్రకారం. మూడోది రెండొందల డెబ్భై ఏడు దెబ్బలు. కాలు రాళ్ళ కింద పెట్టుకుని ఎవరు కొట్టగలరు? మధ్యలో లెక్క తప్పినప్పుడల్లా మళ్ళీ మొదటికి వచ్చి ఉంటాడు. నువ్వు విని, ఇది మా ఆయన కాదన్నావు. నిజమే చెప్పావు. తవ్వకం ఆగిపోయింది. ఎవరూ రాకపోయేసరికి, ఎవరైనా వచ్చే నంబరు కొట్టాడు. దాన్ని దొంగతనం అంటావా? నేను అనలేను. పిలిస్తే పలకనివాళ్ళని ఇంకో పేరుతో పిలిచాడు, అంతే.

నిన్ను తప్పుపట్టడానికి రాయడం లేదు. నీ మొగుడి కోసం వెళ్ళావు, నీ మొగుడి నంబరే విన్నావు. నీ చోట నేనున్నా అదే చెప్పేదాన్ని. కానీ ఆసుపత్రిలో ఉన్న ఆ మనిషికి నువ్వు ఒక చూపు బాకీ ఉన్నావు. వెళ్ళు. మా వాడు చివర్లో ఏమన్నాడో, బాధపడ్డాడో లేదో, అది చెప్పగలిగినవాడు ఈ లోకంలో అతనొక్కడే. నాకోసమైనా వెళ్ళు. నా కాలు బాగుంటే నేనే వచ్చి నీ చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళేదాన్ని.

నీ వదిన

*

వదినా,

వెళ్ళాను.

పొడుగాటి గది. రెండు వైపులా మంచాలు. అతనిది కిటికీ పక్కన. దుప్పటి ఒక కాలి దగ్గర ఎత్తుగా ఉంది, రెండో కాలి దగ్గర చదునుగా ఉంది. నన్ను చూసి లేవబోయాడు. పడుకో అన్నాను. మీరు చెప్పిన మాటనే నా మాటగా మొదలుపెట్టాను. "నీ నంబరు నువ్వు కొట్టుకున్నావని తెలిసింది శేషం. పందొమ్మిది, తొంభై ఏడు, రెండొందల డెబ్భై ఏడు. పైన ఎవరికీ అర్థం కాలేదు" అన్నాను.

అతను నా వంక అదోలా చూశాడు. "నేనా? నాకు గొట్టం అందితే కదా వదినా మొదట్లో. నా కాలు బండ కింద ఉంది. కొట్టింది అన్న."

నేను మంచం పట్టె మీద కూర్చుండిపోయాను. అతను చెబుతూనే ఉన్నాడు. అతని మాటల్లోనే రాస్తాను, నా మాటలు కలపను.

"అన్నకి ఛాతీ మీద దెబ్బ తగిలింది. పైకి ఏం కనపడలేదు గానీ మాట్లాడితే నోట్లోంచి రక్తం వచ్చేది. పాక్కుంటూ గొట్టం దగ్గరకెళ్ళి స్పానరుతో కొట్టడం మొదలెట్టాడు. పందొమ్మిది అయ్యాక ఆగితే, అదేంటన్నా, నాది కొడుతున్నావేంటి, నీది కొట్టు, నీది చిన్నది కదా అన్నాను. నవ్వాడు వదినా. నాది ఎంతసేపు రా, ఎప్పుడైనా కొట్టొచ్చు, నీదైతే పూటంతా పడుతుంది, ముందు నీది కానీ అన్నాడు."

మీ తమ్ముడు అలాగే అంటారు కదా వదినా. ఆ గొంతు నాకు వినపడింది.

"మూడోది మాత్రం తెమిలేది కాదు. నూట ఎనభై, రెండొందలు వచ్చాక దగ్గు వచ్చేది, లెక్క పోయేది. పర్లేదన్నా, అక్కణ్ణుంచి కొట్టెయ్ అంటే ఒప్పుకోడు. ఒక్క దెబ్బ తేడా వస్తే పైన ఇంకెవడో అయిపోతావురా, నిన్ను ఎవరూ వెతకరు అని మళ్ళీ పందొమ్మిది నుంచి మొదలెట్టేవాడు. అప్పటిదాకా పైనుంచి తవ్వుతున్న చప్పుడు వినపడేది. పొద్దున అనుకుంటా, అది ఆగిపోయింది. నాకు భయమేసి ఏడ్చేశాను. ఊపిరి తీసుకుంటున్నార్రా, వాళ్ళూ మనుషులే కదా, మళ్ళీ మొదలెడతారు, ఈలోపు మనం పూర్తి చేద్దాం అన్నాడు అన్న."

పూర్తయిందా అని అడిగాను.

"ఒక్కసారి అయింది వదినా. నేనూ పక్కనుంచి లెక్కపెట్టాను, రెండొందల డెబ్భై ఏడు సరిగ్గా. నువ్వు పైకి చేరిపోయావురా అన్నాడు. గొట్టానికి చెవి ఆనించి చాలాసేపు విన్నాడు. తర్వాత నీది కొట్టన్నా అన్నాను. కొడతా, కాస్త ఆగి కొడతా అన్నాడు. అలాగే చెవి ఆనించుకుని పడుకున్నాడు. పిలిస్తే పలకలేదు."

ఆ తర్వాత అతను బండ కింద ఉన్న కాలిని లాక్కుని లాక్కుని గొట్టం దాకా జరిగాడట. ఆ కాలు అప్పుడే పూర్తిగా పోయింది. ఎందుకు కొట్టావు ఆయన నంబరు అని అడిగాను. బతకడానికి అంటాడనుకున్నాను. అంటే నేను ఏమీ అనుకునేదాన్ని కాదు.

"అన్న నంబరు ఒక్కసారి కూడా పైకి పోలేదు కదా వదినా. నాది వెళ్ళింది, ఆయనది వెళ్ళలేదు. నన్ను ఒక్కణ్ణే తీసుకుపోయి ఆయన్ని అక్కడే వదిలేస్తారేమోనని. మీ దగ్గర్నుంచి జవాబు వచ్చినప్పుడు అది మీరేనని తెలిసింది. అన్న తల ఎత్తి గొట్టానికి ఆనించి పట్టుకున్నాను. పోయాడని నాకు తెలుసు. అయినా పట్టుకున్నాను. మిగతా రెండూ ఒక చేత్తోనే కొట్టాను, అందుకే ఆలస్యమైంది."

వదినా, అతన్ని నేను దొంగ అని రాశాను మీకు. ఆ ఉత్తరం చించెయ్యండి.

మీరు లెక్క సరిగ్గానే చేశారు, కొట్టిన మనిషి ఒక్కడే మారాడు. నేను చెప్పిందీ తప్పు లెక్క కాదు. కానీ మేస్త్రీ నన్ను పిలిపించింది లెక్క అప్పజెప్పమని కాదు, ఆయన్ని నేను గుర్తుపడతానని. ఇద్దరు మనుషులకి ఒక్క గొట్టం ఉంటే ఆయన ముందు ఎవరిది కొడతారో పన్నెండేళ్ళు కాపురం చేసినదాన్ని నాకు తెలియాలి. భోజనానికి కూర్చుంటే ముందు అతని కంచంలో వడ్డించాకే తనకి వడ్డించనిచ్చేవారు. రోజూ కళ్ళతో చూశాను. మీకూ తట్టలేదు గానీ, మీరు గొట్టం దగ్గర లేరు. నేను ఉన్నాను. ఆయన చేతి చప్పుడు నా చెవిలో పడింది. ఒక వరస మొత్తం విని, ఈయన నాకు తెలీదన్నాను. అక్కడ ఆయన పైవాళ్ళు ఊపిరి తీసుకుంటున్నారని అనుకున్నారు.

తవ్వుతూ ఉండి ఉంటే అందేవారా అని డాక్టరుని అడిగాను. చెప్పలేమమ్మా అన్నాడు. మళ్ళీ అడిగాను. తల దించుకుని వెళ్ళిపోయాడు.

శేషాన్ని ఆసుపత్రి నుంచి పంపించేస్తారట. అతనికి ఇల్లు లేదు, నేను తప్ప ఎవరూ లేరు. ఇంటికి తెచ్చుకుంటానని చెప్పాను. కళ్ళు తుడుచుకుని, నేను లేచి వస్తుంటే ఒక మాట అడిగాడు. "వదినా, ఆ పొద్దున తవ్వడం ఎందుకు ఆపేశారో మీకేమైనా తెలుసా? మీరు పైనే ఉన్నారు కదా."

చీకటి పడుతోంది, రేపొచ్చి చెబుతానన్నాను. వచ్చి మీకు ఇది రాస్తున్నాను. రేపు పొద్దున్నే వెళ్ళి ఆ మంచం పక్కన కూర్చుని, ఆపించింది నేనేనని చెప్పాలి. చెప్పాక కూడా వస్తానంటే తెచ్చుకుంటాను. మీరు కూడా ఇక నన్ను మరదలిగా చూస్తారో లేదో రాయండి, ఏది రాసినా సరే.

మీ తమ్ముడి భార్య